నూతి మీద తాడు పట్టినవాడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ చూసినదాన్ని కనక చెబుతున్నాను, ఆ సామెత కట్టినవాడెవడో నుయ్యి తవ్వించి ఉండడు. తవ్వించి ఉంటే ఆ ముక్క ముందు పెట్టేవాడు.

మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ప్రపంచంలో ఎవరి మీదా నమ్మకం లేని మనిషి. కొట్లో తూచిన కందిపప్పు ఇంటికి తెచ్చి మళ్ళీ తూచేవారు. పాలవాడి చెంబులో వేలు ముంచి గోటి మీద చుక్క నిలుస్తుందో లేదో చూసేవారు. బస్సెక్కాక "ఇది విజయనగరం వెళ్తుందా?" అని కండక్టరుని అడిగి, ఆ కండక్టరు నిజమే చెప్పాడా అని పక్క సీటువాణ్ణి అడిగేవారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

నేను పెరిగిన ఇల్లు దీనికి సరిగ్గా తలకిందులు. మా పుట్టిల్లు విజయనగరం. మా నాన్న ఇంట్లో వీణ పాఠాలు చెప్పేవాడు. పొద్దున్న తీసిన వీధి తలుపు పడుకోబోయేముందు మూసేవాళ్ళం. ఎవరొచ్చారో, ఎవరేం పట్టుకెళ్ళారో తెలిసేది కాదు. నిజంగానే పట్టుకెళ్ళేవారు కూడా. వెండి గ్లాసు మాయమైతే "పాపం, ఏం అవసరం వచ్చిందో" అనేవాడు మా నాన్న. మా అమ్మ తల కొట్టుకునేది. అంత నమ్మకం కూడా ఒక జబ్బే అని నాకు అప్పుడే తెలుసు. అందుకని అసలు నమ్మకమే లేని మనిషికి నన్నిచ్చి చేస్తే కొంతకాలం సుఖంగానే ఉందనిపించింది. ఆ తరువాత తెలిసింది, ఆ అనుమానాల పట్టికలో నేనూ ఉన్నానని.

అరవైల చివర్లో మేం గరివిడి దగ్గర ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. ఊరు చిన్నది. ఎర్ర గరపనేల, చుట్టూ గోగు, చోడి, వేరుశెనగ చేలు. నీళ్ళకి ఊరవతల గెడ్డ దాకా, అంటే వాగు దాకా వెళ్ళాలి. వేసవిలో ఆ గెడ్డలో చెలమలు తీసుకుని గరిటెతో నీళ్ళు తోడుకోవాలి. బిందె నిండేసరికి నడుం విరిగేది. ఆ ఊరి చివర మేం కాస్త జాగా కొన్నాం, ఇల్లు కట్టుకుందామని. ఇల్లు కట్టాలంటే ముందు నుయ్యి తవ్వాలి. మట్టి తొక్కాలన్నా, ఇటుక తడపాలన్నా, సున్నం నానబెట్టాలన్నా నీళ్ళు కావాలి కదా. అందుకని ముందు నుయ్యి, తరువాత గోడ.

నూతులు తవ్వే ఒకతను పొరుగూరి నించి వచ్చాడు. నలభయ్యేళ్ళుంటాయి. నల్లగా, సన్నగా, ఎండిన కర్రలా ఉండేవాడు. తక్కువ మాట్లాడేవాడు. అతనితో అతని పెళ్ళాం, ఆమె తమ్ముడు, మట్టి లాగడానికి ఇద్దరు కూలీలు. పెళ్ళాం తట్టతో మట్టి మోసేది. ఆమె మాత్రం అతని వాటా మాటలు కూడా తనే మాట్లాడేది.

పని మొదలయిన రోజే ఒక సంగతి గమనించాను. నూతి మీద తాటిదూలం అడ్డంగా వేసి గిలక కట్టారు. ఆ గిలక మీద మట్టితట్టని కూలీలు లాగుతారు. అది కాక ఇంకో తాడుంది. దాని ఒక కొస తవ్వేవాడి నడుముకి, రెండో కొస ఒడ్డున పాతిన గుంజకి ఓ చుట్టు తిప్పి, బావమరిది చేతికి. పొద్దున్నే అతను దిగబోయే ముందు పెళ్ళాం ఆ తాడు కొస తన చేత్తో తీసి తమ్ముడి చేతిలో పెట్టేది. ఆ తరువాతే అతను కాలు లోపల పెట్టేవాడు. వేరే ఎవరూ ఆ తాడు ముట్టేవారు కాదు.

ఇదేం ఆచారమని ఓ మధ్యాహ్నం ఆమెని అడిగాను. చుట్ట పక్కన పెట్టి నవ్వింది.

"సూడమ్మా, ఆ తాడు పరాయోడి సేతిలో ఉన్నాదనుకో, సీమ కుట్టినా ఒగ్గేస్తాడు. నా తమ్ముడి సేతిలో ఉన్నాదనుకో, పాము కరిసినా ఒగ్గడు. ఒగ్గితే ముండమోసేది ఎవులు? ఆడి అప్పే గదా."

ఒగ్గడమంటే మా వైపు వదిలేయడం, అప్పంటే అక్క. ఎంత మొరటుగా చెప్పిందో అంత సూటిగా చెప్పింది. వాళ్ళ తాతల నాటి నించి అంతేట. తవ్వేవాడు నూతిలోకి దిగితే తాడు పట్టేది బావమరిదే. మంచివాడా చెడ్డవాడా, తాగుతాడా తాగడా, అవన్నీ తరువాత. నీ ప్రాణం పోతే ఏడ్చే మనిషికి వాడు తోడబుట్టినవాడా కాదా, అదొక్కటే చూసుకుంటారు. నమ్మకాన్ని మనిషి గుణం మీద పెట్టకుండా వరస మీద పెట్టారన్నమాట. నాకు ఆ తెలివి నచ్చింది.

మా ఆయనకి మాత్రం వాళ్ళు చేసేదేదీ నచ్చలేదు. బడి నించి రాగానే రాయి కట్టిన పురికొస నూతిలోకి వదిలి లోతు కొలిచేవారు. "నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏదీ?" అనేవారు.

"గరప తగిలింది బాబూ. గునపం దిగట్నేదు," అనేవాడు అతను.

"గరపో, నీ బద్ధకమో ఎవడు చూడొచ్చాడు?"

అతను మళ్ళీ గునపం అందుకునేవాడు. కానీ ఓ వారం పోయాక నాకొకటి అర్థమైంది. అతను ఏం చెప్పినా ఈయన అందులో సగం కొట్టేస్తారని అతనికి తెలిసిపోయింది. అందుకని ఉన్నదానికి రెట్టింపు చెప్పడం మొదలెట్టాడు. జానెడు గరపుంటే మూరెడనేవాడు. అతను రెట్టింపు చెబుతున్నాడని ఈయనకి తెలిసి, సగానికి బదులు పావు వంతే నమ్మడం మొదలెట్టారు. ఎవరు ముందు మొదలెట్టారో చెప్పలేను. ఇద్దరూ పెద్దవాళ్ళే, ఇద్దరూ పనిమంతులే, పొద్దున్న లేస్తే ఒకరికొకరు దొంగలు. మధ్యలో నుయ్యి ఎండకి నోరు తెరుచుకుని కూర్చుంది.

వేసవి సెలవలు వచ్చాయి. నుయ్యి చాలా లోతు దిగింది. గరప దాటి ఇసకపొర వచ్చింది. ఇసక జారకుండా చుట్టూ తాటిపలకలు నిలబెట్టి, వాటికి అడ్డంగా వెదుళ్ళు బిగించారు. ఇంకాస్త తవ్వితే నీళ్ళు పడతాయి, నీళ్ళు పడ్డాక అడుగు నించి పైదాకా రాతికట్టు కట్టుకుంటూ రావాలి. అదంతా మృగశిర లోపల అయిపోవాలి. మధ్యలో వాన దిగిందంటే నుయ్యి మొత్తం కూలి పూడిపోతుంది.

సరిగ్గా అప్పుడు బావమరిదికి గరివిడి ఫ్యాక్టరీలో పని దొరికింది.

మర్నాటి నించి అతను రాలేదు. తవ్వేవాడు గట్టు మీద కూర్చున్నాడు. పార కూడా ముట్టుకోలేదు. మా ఆయన వెళ్ళి అడిగితే "తాడట్టుకునే మనిషి నేడు బాబూ" అన్నాడు. ఆయన ఊళ్ళోకి వెళ్ళి ఓ బలమైన కుర్రాణ్ణి, బస్తాలు మోసేవాణ్ణి పట్టుకొచ్చారు. అతను ఆ కుర్రాడి వైపు కూడా చూడకుండా తల అడ్డంగా ఊపాడు.

ఇక చూడండి మా ఆయన కోపం. ఇదంతా రేటు పెంచడానికి ఆడే నాటకమన్నారు. తాడు పట్టుకోవడానికి చుట్టరికం ఎందుకన్నారు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తుండగా "ఇన్నాళ్ళు మా ఇంటి మజ్జిగ తాగావు, మా ఊరి మనుషుల మీద నీకు నమ్మకం లేదా?" అని అరిచారు.

అతను అప్పుడు తలెత్తాడు. "మీకు నా మీద ఉన్నాదేటి బాబూ?" అన్నాడు.

గట్టిగా అనలేదు, ఎగతాళిగానూ అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. జవాబు లేనప్పుడు మగవాళ్ళు ఏం చేస్తారో మా ఆయనా అదే చేశారు. "చేతకాకపోతే చెప్పు, ఇంకొకణ్ణి చూసుకుంటాను. భయపడేవాడికి నూతి పనెందుకు?" అనేసి ఇంటికి వచ్చేశారు. భయం అన్న మాట నలుగురిలో అనకూడనిది.

మర్నాడు పొద్దున్న ఆమె మా పెరట్లోకి వచ్చింది. నేను పప్పు రుబ్బుతున్నాను. గోడవార కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. అంతసేపు ఆమె మాట్లాడకపోవడం అదే మొదటిసారి.

"ఏమే, ఏమయింది?" అన్నాను.

"రేపు ఆ కుర్రోడి సేతికే తాడిచ్చి దిగీస్తానంటన్నాడమ్మా. బయమంటారేటి నన్ను అని పౌరుసం. రాత్రి కూడు తిన్నేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "నా తమ్ముణ్ణి నానే పంపీసినాను పేక్టరీకి. నెలకింతని వస్తాది, పెళ్ళి సేసుకుంటాడు అని. ఇప్పుడు నా మొగుణ్ణి నానే నూతిలో తోసినట్టున్నాది."

మా ఆయన నోటి దురుసుతనం ఒక మనిషి ప్రాణం మీదకి తెచ్చిందని తెలిసింది. పని మానిపించేద్దాం, నుయ్యి వద్దు ఏమీ వద్దు అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. మధ్యలో ఒగ్గీసిన నుయ్యి తవ్వేవాడికి చెడ్డపేరట. ఆ తరువాత ఎవరూ పిలవరట.

"తాడు మీ ఆయన్ని అట్టుకోమనమ్మా," అంది.

నేను నవ్వేశాను. సుద్దముక్క తప్ప బరువెత్తని చేతులవి. ఆమె నవ్వలేదు.

"బరువేటున్నాదమ్మా? గుంజకి సుట్టు తిప్పీసినాక సంటోడైనా అట్టుకుంటాడు. లాగీదానికి కూలోళ్ళున్నారు. తాడు కాడ కావలసింది కండలు కావు. మీ ఆయన ఉప్పు కూడా రెండుపాలి తూస్తాడని ఊరంతా నవ్వుతాది. అలాటోడే కావాల నాకు. నమ్మేసినోడు సూడ్డమ్మా. నమ్మనోడే సూస్తాడు."

ఇన్నేళ్ళు ఏ గుణం చూసి నేను నెత్తి బాదుకున్నానో, ఆ గుణానికి తన పసుపుకుంకాలు అప్పజెబుతానంటోంది ఈమె.

"కానీ నన్ను సెల్లీ అనాల. నలుగురిలో అనాల. ఊరికే అట్టుకుంటే మావోడు నమ్మడు."

ఆ మాట మా ఆయన చెవిని వేయడానికి నేను సాయంత్రం దాకా ఆగాను. కోపంతో ఎగురుతారనుకున్నాను. తరతరాలుగా గుళ్ళోనూ బళ్ళోనూ బతికిన కుటుంబం, మట్టి మోసే మనిషిని చెల్లెలనడమేమిటి అంటారనుకున్నాను. అలా జరగలేదు. ఆయనకి తోడబుట్టినవాళ్ళెవరూ లేరు. వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

"నన్నే అడిగిందా?" అన్నారు చివరికి.

"మిమ్మల్నే."

"ఎందుకట?"

ఆమె చెప్పింది చెప్పాను. ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఆ తరువాత అన్న మాట విని నేను లోపలికి వెళ్ళి నవ్వుకున్నాను. "ఆ తాడు దేంతో పేనిందో కనుక్కున్నావా?" అన్నారు.

ఆ తాడు గోగునారది. తడిస్తే లోపల్లోపల కుళ్ళుతుందని ఆయన దాన్ని తీసి అవతల పారేసి, వేరే తాడు తెచ్చేదాకా దిగొద్దన్నారు. విజయనగరం వెళ్ళి బజారంతా తిరిగి ఏ తాడూ నచ్చక తిరిగొచ్చారు. ఆయన మొదటి ఉద్యోగం టెక్కలి దగ్గర. అక్కడి సముద్రం ఒడ్డున జాలర్లు పడవలు లాగే తాళ్ళు చూశారట. మర్నాడు రైలెక్కి నౌపడాలో దిగి, భావనపాడు వెళ్ళి, ఓ జాలరి దగ్గర కొబ్బరిపీచు మోకు కొని, భుజాన వేసుకుని వచ్చారు. దాన్ని కొస నించి కొస దాకా వేళ్ళతో తడిమి చూస్తూ ఓ పూటంతా అరుగు మీద కూర్చున్నారు. తవ్వేవాడు దూరం నించి అది చూశాడు. అతని మొహంలో నవ్వు నేను చూడడం అదే మొదలు.

తాడు పట్టే రోజు పొద్దున్న ఆమె తలంటి పోసుకుని వచ్చింది. కొత్త మోకు కొస రెండు చేతులతో పట్టుకుని మా ఆయన ముందు నిలబడింది. కూలీలు, చుట్టుపక్కలవాళ్ళు గుమిగూడారు. మా ఆయన మొహం కందిపోయింది. బడిలో అంతమందికి పాఠం చెప్పే మనిషికి ఒక్క మాట రావడానికి ఎంతసేపో పట్టింది.

"ఇలా ఇవ్వు, చెల్లీ," అన్నారు.

"అన్నా, నా పసుపుకుంకం నీ సేతిలో ఎడతన్నాను," అంది ఆమె.

తవ్వేవాడు దిగబోతుంటే మా ఆయన ఆగమన్నారు. అతని నడుముకున్న ముడి చూశారు. గుంజ కదిపి చూశారు. మళ్ళీ ముడి చూశారు. "దిగు," అన్నారు.

ఆ రోజు నించి మా ఆయన వేరే మనిషి అని చెబితే అబద్ధం. కందిపప్పు తూచడం మానలేదు. కానీ నూతి దగ్గర ఏదో మారింది. నేను రోజూ అన్నం పట్టుకెళ్ళి అక్కడే వేపనీడన కూర్చుని చూసేదాన్ని కనక నాకు తెలుసు.

ఓ రోజు పొద్దున్నే అతను వచ్చి "బాబూ, రేత్రి జాతరకెళ్నాను. నిద్ర నేదు. ఇయాల కళ్ళు మూతలడిపోతన్నాయి," అన్నాడు. పది రోజుల కిందటైతే అతనా మాట చచ్చినా చెప్పేవాడు కాదు. చెప్పినా ఈయన ఊరుకునేవారు కాదు. ఇప్పుడు "అయితే ఇవాళ వద్దులే, పడుకో," అన్నారు. ఇంకో రోజు మా ఆయనే "నాకు ఒళ్ళు వెచ్చగా ఉంది, చేతుల్లో పట్టు లేదు, దిగకు," అన్నారు. అతను మారుమాట్లాడకుండా పార కింద పెట్టాడు. అంత అవసరంలో రెండు రోజులు పోయాయి. ఎవరూ ఎవర్నీ బద్ధకస్తుడనలేదు.

అప్పుడు ఆలోచించాను. నమ్మకమంటే ఎదుటివాడు మంచివాడనుకోవడమని అప్పటిదాకా నా లెక్క. మా నాన్న లెక్కా అదే. ఇక్కడ చూస్తే అది కాదు. తన చేతకానితనం దాచుకోకుండా చెప్పగలగడం. నిద్ర లేదని ఒకరు, పట్టు లేదని ఒకరు. దాస్తే చచ్చేది ఎవరో ఇద్దరికీ తెలుసు. అంతకుముందు గరప మీద అన్ని అబద్ధాలు ఎలా ఆడుకున్నారంటే, ఆ అబద్ధం వల్ల ఎవరికీ ఏమీ కాదు కనక.

ఇంకో చిత్రం. అతను పైన ఉన్నంతసేపు ఈయన్ని "బాబూ" అనేవాడు. ఈయన బల్ల మీద కూర్చుంటే అతను నేల మీద కూర్చునేవాడు. నూతిలోకి దిగి కనుమరుగయ్యాక మాత్రం వరస మారిపోయేది. అడుగు నించి గుమ్మంటూ "ఏటి బావా, కునుకుతన్నావేటి? తాడు బిగుసుకుపోయినాది!" అని కేక వచ్చేది. మొదటిసారి విన్నప్పుడు కూలీలు కిసుక్కున నవ్వారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తాడు సడలించారు. కొన్నాళ్ళకి ఆయనా నూతిలోకి వంగి "నీ నోరు తగ్గించి చేతులు ఆడించవోయ్ బావా," అనడం నేను విన్నాను. అతను పైకి రాగానే మళ్ళీ బాబు, మళ్ళీ నేల. నాకది బాగుండేది కాదు. కానీ ఆ గోతిలో మాట నిజమో, ఒడ్డున మాట నిజమో వాళ్ళిద్దరికీ తెలుసనిపించేది.

ఆమె మాత్రం పైనా కిందా చూడలేదు. నన్ను వొదినా అనడం మొదలెట్టి, మా వంటింటి గుమ్మం దాకా వచ్చి పచ్చడి బాగులేదని చెప్పేది.

నీళ్ళు పడిన రోజు ఆకాశం పొద్దున్నించీ మబ్బుగా ఉంది. చినుకు పడలేదు కానీ గాలి ఆగిపోయింది. మధ్యాహ్నం కిందినించి "తడి తగిలినాది బావా!" అని కేక వచ్చింది. తట్టలో బురద ఇసక పైకి వచ్చింది. ఆమె ఆ బురద తీసి కళ్ళకద్దుకుని నా బుగ్గకి ఇంత రాసింది. నేను నవ్వుతుండగానే లోపల్నించి చప్పుడు వచ్చింది.

పెద్ద చప్పుడు కాదు. బస్తాలోంచి ధాన్యం జారినట్టు సర్రుమంది. తరువాత పలక విరిగిన చప్పుడు. నూతిలోంచి ఎర్రటి దుమ్ము లేచింది.

తాడు బిగుసుకుపోయింది. మా ఆయన లేచి నిలబడి, కాళ్ళు తన్నిపెట్టి, రెండు చేతులా తాడు పట్టుకున్నారు. తట్ట దగ్గరున్న కూలీలిద్దరూ పరిగెత్తుకొచ్చి తాడందుకున్నారు. ముగ్గురూ లాగుతున్నారు. తాడు జానెడు కూడా రావడం లేదు. ఆమె గట్టున బోర్లా పడి లోపలికి అరుస్తోంది. లోపల ఏమీ కనబడదు, దుమ్ము తప్ప.

అప్పుడు కింద నించి గొంతు వచ్చింది. దగ్గుతో కలిసి వచ్చింది.

"ఒగ్గీ! ఒగ్గీ బావా! తాడు ఒగ్గీ!"

ఆమె గిరుక్కున తిరిగింది. "ఒగ్గకన్నా! ఒగ్గకు! ఇసక ముంచెత్తేస్తాది! ఆడికి మతి పోయినాది, ఒగ్గకు!" అని తనూ వచ్చి తాడు పట్టుకుంది. కూలీలు ఇంకా గట్టిగా లాగారు. తాడు ఆగితే మనిషి నిలుస్తాడు, తాడు వదిలితే మనిషి పోతాడు. నూతి దగ్గర ఎవరికైనా తెలిసింది అదే. పాము కరిసినా ఒగ్గకూడదని చెప్పింది ఆమే.

నేను మా ఆయన మొహం చూశాను. చెమట కారిపోతోంది. ఆ మనిషి కళ్ళతో చూడంది దేన్నీ ఒప్పుకోడు. వంగి చూస్తే దుమ్ము. అడిగి సరిచూసుకుందామంటే పక్క సీటులో ఎవరూ లేరు. ప్రాణభయంలో ఉన్నవాడు ఏమంటున్నాడో వాడికే తెలియకపోవచ్చు. పక్కన చెల్లెలు కాళ్ళావేళ్ళా పడుతోంది.

కింద నించి మళ్ళీ, ఈసారి సన్నగా, "ఒగ్గీ బావా," అని వినబడింది.

మా ఆయన "వదలండి!" అని అరిచారు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. కూలీలు బిత్తరపోయి వదిలేశారు. ఆమె వదల్లేదు. ఆయన భుజంతో ఆమెని పక్కకి నెట్టి, గుంజకున్న చుట్టు విప్పేశారు. తాడు సర్రుమని అరచేతుల్లోంచి జారుతూ నూతిలోకి పోయింది. పోయి, మెత్తగా వేలాడి ఆగిపోయింది.

ఆమె అరుపు కూడా ఆగిపోయింది. ఆ క్షణంలో నేను నా మొగుణ్ణి హంతకుడనుకున్నాను. అబద్ధమెందుకు, అలాగే అనుకున్నాను. ఆయన మాత్రం నూతి అంచున మోకాళ్ళ మీద కూర్చుని, ఆ వదులు తాడుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, చెవి ఒగ్గి విన్నారు. లోపల పలక కదిలిన చప్పుడు. ఇసక పడిన చప్పుడు. దగ్గు. మళ్ళీ ఏమీ లేదు.

తాడు కదిలింది.

"ఇప్పుడు లాగు బావా. బేగి లాగు!"

లాగాం. ఆమె లాగింది, నేనూ లాగాను, కొంగు ఎటుపోయిందో చూసుకోలేదు. ఇసక ముద్దలా అతని తల పైకి వచ్చింది. గట్టున పడేశాం. ఛాతీ మీద అడ్డంగా ఎర్రగా వాత తేలింది. దగ్గు తగ్గాక నాలుగు మాటల్లో చెప్పాడు. విరిగిన పలక అతనికీ గోడకీ మధ్య అడ్డం పడి, తాడు దాని కిందికి దూరింది. పైనించి లాగినకొద్దీ ఆ పలక వచ్చి ఛాతీని నొక్కుతోంది. ఇంకాస్త లాగి ఉంటే ఎముకలు విరిగేవి, మీదనున్న పలకలన్నీ వచ్చి పడేవి. తాడు వదులయ్యాకే పలకని పక్కకి తోసి, ఇసకలోంచి కాళ్ళు లాక్కున్నాడు.

ఆమె మొగుడి దగ్గర కూచోలేదు. నేరుగా మా ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన గుంజకి చేరబడి కూర్చున్నారు. అరచేతులు రెండూ చర్మం లేచి ఉన్నాయి, వాటికేసి చూసుకుంటున్నారు. ఆమె ఆయన చొక్కా గుండెల దగ్గర పట్టుకుని ఊపేసింది.

"ఒగ్గొద్దని నెత్తీనోరూ కొట్టుకున్నాను గదన్నా! ఆడు పోతే? పోతే నానేటయిపోదును? ఏటి సూసి ఒగ్గీసినావు?"

ఆయన ఆమెకేసి చూశారు. అడిగిందేమిటో అర్థం కానట్టు చూశారు.

"బావ చెప్పాడు కదమ్మా," అన్నారు.

ఆమె చొక్కా వదిలేసింది. అక్కడే కూలబడి ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఆ బురదలోనే కూర్చుని ఏడ్చాను. భయం తీరి ఏడుస్తున్నానని కూలీలు ఓదార్చారు. భయం కాదు. అసూయ. నేను ఆయనతో ఏడేళ్ళు కాపురం చేశాను, ఇద్దరు పిల్లల్ని కన్నాను. చూడకుండా, అడక్కుండా, ఒట్టి నా మాట మీద ఆ మనిషి తన చేతిలోది దేన్నీ వదల్లేదు.